డాబా మీద టెలిస్కోపు, చేతిలో పెన్సిలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

చిన్న టెలిస్కోపులో చూస్తూ గ్రహాల బొమ్మలు గీయడం గురించి గత సంచికలో నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చాలావరకు గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల నుంచే. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాటికే. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట: నేను శాస్త్రవేత్తను కాను. నీటిపారుదల శాఖలో ట్రేసర్‌గా, అంటే అసలు పటం మీద పలచటి కాగితం పెట్టి నకలు గీసే పనిలో ఉండి రిటైరయ్యాను. మొగల్రాజపురంలో మా డాబా మీద ఆరంగుళాల డాబ్సోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోపు) ఒకటి ఉంది. గీత గీయడం నాకు వృత్తి, ఆకాశం చూడడం ఇష్టం. ఈ జవాబులు ఆ రెండింటి నుంచీ వచ్చినవే.

ప్రశ్న: మేడమ్, నా దగ్గర 70 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోపు) ఉంది, ఫోకల్ లెంగ్త్ 900. గురుగ్రహాన్ని చూస్తే చిన్న తెల్లటి బిళ్ల, మధ్యలో రెండు మసక గీతలు, పక్కన నాలుగు చుక్కలు. అంతే. ఇందులో గీయడానికి ఏముంది? ఫోనుతో ఫొటో తీసుకుంటే సరిపోదా?
— డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బాబూ, ముందు ఒక లెక్క చూద్దాం. నీ టెలిస్కోపులో 10 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకం) పెడితే, 900ని 10తో భాగించు, 90 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. గురుడు మనకు దగ్గరగా ఉండే నెలల్లో ఆకాశంలో దాని వెడల్పు దాదాపు 45 ఆర్క్ సెకండ్లు (ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకండు). చంద్రుడి వెడల్పు 1,800 పైచిలుకు. 45ని 90తో గుణించు, 4,050 వస్తుంది. అంటే ఐపీస్‌లో నీకు కనిపిస్తున్న గురుడు మామూలు కంటికి కనిపించే చంద్రుడి కంటే రెండింతలు పెద్దది! నమ్మకం కుదరదు. నల్లటి చీకట్లో పక్కన పోల్చుకోవడానికి ఏదీ ఉండదు కాబట్టి మనసు దాన్ని చిన్నదనుకుంటుంది. చంద్రుడి మీద మామూలు కంటితోనే ఎన్ని మచ్చలు కనిపిస్తాయో గుర్తు తెచ్చుకో. చూపు నిలిపితే గురుడి మీదా కనిపిస్తాయి.

ఫోను సంగతి. గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, బొమ్మ మసకబారి మళ్లీ తేటపడుతూ ఉంటుంది. నువ్వు చూసిన గొప్ప ఫొటోలు ఒక్క క్లిక్కుతో వచ్చినవి కావు. వీడియో తీసి, వేల ఫ్రేముల్లో బాగున్నవాటిని ఏరి, కంప్యూటర్‌లో కలిపి చేసినవి. కన్ను ఆ ఏరుకునే పని అక్కడికక్కడే చేస్తుంది. గాలి ఒక్క క్షణం నిలబడినప్పుడు దొరికిన వివరాన్ని పట్టుకుంటుంది, మసక క్షణాలను వదిలేస్తుంది. ఫొటోలు తీయడం తప్పని నేను అనను. కానీ గీసేవాడు చూసినంత సేపు, చూసినంత శ్రద్ధగా ఫొటో తీసేవాడు చూడడు. ఇది నా గట్టి అభిప్రాయం.

ఇక ఎలా గీయాలంటే, పగలే కాగితం సిద్ధం చేసుకో. గురుడు గుండ్రంగా ఉండడు. చాలా వేగంగా తిరగడం వల్ల ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటాడు. అడ్డంగా 60 మి.మీ. అయితే నిలువుగా 56. పాత శుభలేఖ అట్ట మీద ఈ కొలతలతో దీర్ఘవృత్తం కత్తిరించి పెట్టుకుంటే ఎన్ని కాగితాల మీదైనా అచ్చు గీసుకోవచ్చు. కంపాస్‌తో సున్నా చుట్టి అందులో గురుడిని ఇరికించావంటే పట్టీల, అంటే నువ్వు చూసిన ఆ మసక గీతల, దూరాలన్నీ తప్పుతాయి.

రాత్రి టెలిస్కోపు దగ్గర మొదటి ఐదు నిమిషాలు పెన్సిల్ ముట్టుకోవద్దు. ఊరికే చూడు. నిన్ను నువ్వే ప్రశ్నలు అడుగు. రెండు పట్టీల్లో ఏది ముదురు? ఏది వెడల్పు? అంచులు నున్నగా ఉన్నాయా, ఎక్కడైనా గంటు పడిందా? రెండింటి మధ్య ఖాళీ ఒక పట్టీ వెడల్పుకు ఎన్ని రెట్లు? ఆ తర్వాత ముందు పట్టీలు పెట్టు, పలచగా. స్కేలు వాడొద్దు. పట్టీలో ముదురు ముద్ద గానీ, ఎర్ర మచ్చ (గురుడి మీది పెద్ద తుఫాను) ఉండే గుంట గానీ కనిపిస్తే దాన్ని పెట్టిన క్షణానే గడియారం చూసి టైము రాసుకో. ఇది ముఖ్యం. గురుడు తన చుట్టూ తాను తిరగడానికి 10 గంటలు కూడా పట్టదు, 9 గంటల 55 నిమిషాలు చాలు. పావుగంటలో 9 డిగ్రీలు తిరుగుతాడు. నువ్వు గీసిన 60 మి.మీ. బొమ్మ మీద నడిమధ్యన ఉన్న మచ్చ ఆ పావుగంటలో ఐదు మిల్లీమీటర్ల దాకా పక్కకు జరిగిపోతుంది. కాబట్టి ఆకారాలన్నీ పావుగంటలో ముగించు. నీడలు దిద్దడం తర్వాత కూర్చుని చేసుకోవచ్చు.

అంచు గురించి కూడా చెప్పాలి. కొత్తవాళ్లందరూ చుట్టూ గట్టిగా గీత గీస్తారు. ఆకాశంలో అలాంటి గీత లేదు. గురుడి అంచు నడిమి భాగం కంటే కొంచెం మసకగా ఉంటుంది. దూది పుల్లతో అంచుల్ని లోపలివైపుకు మెల్లగా రుద్దితే బిళ్ల కాస్తా బంతి అవుతుంది.

ఆ నాలుగు చుక్కల్ని వదలొద్దు, అవి గురుడి చందమామలు. 1610 జనవరి 7న గెలీలియో గురుడి పక్కన వాటిలో మూడింటిని చూసి రాసుకున్నాడు. తర్వాతి రాత్రుల్లో అవి చోటు మారడం చూసి, గురుడి చుట్టూ తిరుగుతున్నాయని తేల్చాడు. అతని టెలిస్కోపు ఇరవై రెట్లు పెంచేది. నీదే మెరుగు.

ప్రశ్న: అమ్మా, మా పాప తొమ్మిదో తరగతి. శనిగ్రహం బొమ్మ గీస్తే వెడల్పాటి వలయం, అందులో నల్లటి చీలిక, అచ్చం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే వేస్తుంది. నేను చూస్తే టెలిస్కోపులో సన్నటి గీత ఒక్కటే కనిపించింది. తప్పని చెబితే ఏడుస్తుంది. ఏం చేయమంటారు?
— గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు చూసిందే నిజం. శని వలయం 2025 మార్చిలో మనవైపు అంచు మాత్రమే కనిపించేలా తిరిగింది. అప్పటినుంచి మెల్లగా విచ్చుకుంటోంది. పూర్తిగా విచ్చుకోవడం 2032 నాటి మాట. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి 29 ఏళ్లు దాటుతుంది కాబట్టి ఇవన్నీ నిదానంగా జరుగుతాయి. పుస్తకంలో వేసింది బాగా విచ్చుకున్న రోజుల బొమ్మ. అందులో కనిపించే నల్ల చీలికను 1675లో ఖగోళవేత్త కాసినీ కనిపెట్టాడు. వలయం సన్నగా ఉన్న రోజుల్లో చిన్న టెలిస్కోపుకు అది దొరకదు.

పాప కావాలని అబద్ధం వేయలేదు. తెలిసినదాన్ని కన్ను చూసేస్తుంది, పెద్దపెద్దవాళ్లకే తప్పలేదు. 1877లో ఇటలీ ఖగోళవేత్త షియాపరెల్లీ అంగారకుడి మీద పొడవాటి సన్నని గీతల జాలాన్ని చూసి గీశాడు. ఆ తర్వాత అమెరికాలో పెర్సివల్ లోవెల్ అవి అక్కడి జీవులు తవ్వుకున్న కాలువలేనని పుస్తకాలే రాశాడు. గ్రీనిచ్ వేధశాలలో పనిచేసే మాండర్‌కు అనుమానం వచ్చింది. ఒక ఉపాధ్యాయుడి సాయంతో బడిపిల్లల మీద ప్రయోగం చేసి 1903లో ప్రచురించాడు. గుండ్రటి బొమ్మ మీద గీతలేమీ లేకుండా చుక్కలు, వంకర మరకలు మాత్రమే వేసి గోడకు తగిలించి, వేర్వేరు దూరాల్లో కూర్చున్న పిల్లలను చూసినది చూసినట్టు గీయమన్నాడు. దగ్గరివాళ్లు చుక్కలే గీశారు. ఆ చుక్కలు విడివిడిగా కనిపించీ కనిపించనంత దూరంలో కూర్చున్న పిల్లల్లో చాలామంది తిన్నటి గీతలు గీశారు! 1909లో పారిస్ దగ్గరి మ్యూడాన్ వేధశాలలో 83 సెంటీమీటర్ల టెలిస్కోపుతో ఖగోళవేత్త ఆంటోనియాడీ చూసినప్పుడు, గాలి నిలబడిన క్షణాల్లో ఆ కాలువలు విడిపోయి చిన్నచిన్న మరకలుగా కనిపించాయి.

ఉద్యోగంలో బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ ఎన్నోసార్లు గీశాను. ట్రేసర్ కింది కాగితంలో లేని గీతను పైన వేయకూడదు. అందులో ఉన్నదాన్ని వదలనూ కూడదు. ఆకాశం బొమ్మలకు నేను పెట్టుకున్న నియమం కూడా అదే. అంగారకుడి కథ చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. అంత నిపుణుల చేతులే లేని గీతలు గీశాయంటే మనమెంత జాగ్రత్తగా ఉండాలో అనిపించింది.

పాపతో తప్పని అనకండి. మాండర్ ప్రయోగం మీ ఇంట్లోనే చేయించండి. కాగితం మీద చుక్కలు వేసి గోడకు అంటించి, వీధి చివరి నుంచి చూసి గీయమనండి. తర్వాత పుస్తకం మూసేసి టెలిస్కోపు దగ్గర కూర్చోబెట్టండి. కచ్చితంగా కనిపించినది పెన్సిల్‌తో వేయాలి. ఉందో లేదో అనుమానంగా ఉన్నదాన్ని చుక్కల గీతతో వేసి పక్కన "అనుమానం" అని రాయాలి. "చీలిక కనిపించలేదు" అని రాయడం కూడా పరిశీలనే. అలా రాసిన రోజు తనను తప్పకుండా మెచ్చుకోండి. ఆ కాగితాల మీద తేదీలు వేసి దాచండి. వలయం ఏటికేడాది విచ్చుకోవడం పాప తన సొంత బొమ్మల్లోనే చూసుకుంటుంది.

ప్రశ్న: మాది భవానీపురం. డాబా మీద నుంచి ఏ గ్రహాన్ని చూసినా ఉడికిపోతున్నట్టు కదులుతుంది. టెలిస్కోపు లోపమా? గాలి బాగుండే వేళలేవి?
— ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ

జవాబు: టెలిస్కోపుది కాదండి, స్లాబుది. పగలంతా ఎండలో కాగిన కాంక్రీటు రాత్రి ఆ వేడిని వదులుతుంది. దోసె పెనం మీద గాలి వణికినట్టు మీ ట్యూబు ముందు గాలి వణుకుతుంది. మా మొగల్రాజపురంలో డాబాకు తోడు కొండ కూడా ఉంది. ఎండాకాలంలో ఆ రాయి అర్ధరాత్రి దాటినా చల్లారదు. కొండ పక్కగా దిగిపోతున్న గ్రహాన్ని గీయడం నేను మానుకున్నాను. నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడే చూస్తాను.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లండి, తేడా తెలుస్తుంది. అంతకంటే మట్టి నేల, గడ్డి నేల మేలు. ఊరి బయట బంధువుల పెరడు ఉంటే టెలిస్కోపు అక్కడికి పట్టుకెళ్లండి. పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పైనుంచి చూడకండి. మీ టెలిస్కోపును ఏసీ గదిలో ఉంచకండి. చల్లటి అద్దం మన ఉక్కపోత గాలిలోకి రాగానే చెమ్మ పట్టేస్తుంది. గుడ్డ పెట్టి తుడిచారంటే గీతలు పడతాయి. ఫ్యాను కింద గదిలో పెట్టుకుంటే ఆ బెంగ ఉండదు.

వేళ అడిగారు కదా. నా అనుభవంలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో తెల్లవారుజామున, పలచటి మంచు పట్టి ఆకు కూడా కదలని వేళ అన్నిటికన్నా మంచిది. నక్షత్రాలు మసకగా కనిపిస్తాయి, ఆకాశం బాగాలేదని చాలామంది లోపలికి వెళ్లిపోతారు. గ్రహాలకు కావలసింది నల్లటి ఆకాశం కాదు, కదలని గాలి. వాన వెలిశాక అద్దంలా మెరిసే ఆకాశంలో చుక్కలు తెగ మిణుకుమిణుకుమంటుంటే అది గ్రహాలు గీసే రాత్రి కాదు.

మన ఊరిని తక్కువ చేసుకోకండి. మనం 16న్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. సూర్యుడి దారి బాగా దక్షిణానికి దిగిన చోట గ్రహం ఉన్నా, మనకు 50 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అదే గ్రహం లండన్‌లో 15 డిగ్రీలు దాటదు. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా చాలా ఎత్తున వేగంగా పోయే జెట్ స్ట్రీమ్ గాలులు కూడా మనకు దూరం. బెజవాడ ఎండను తిట్టుకోండి, కానీ గ్రహాలు చూసేవాళ్లకు ఈ ఆకాశం ఒక భాగ్యం.

ప్రశ్న: ఏ పెన్సిళ్లు వాడాలి? ఎర్ర టార్చి తప్పనిసరా?
— ఇంటర్ విద్యార్థిని, మంగళగిరి

జవాబు: హెచ్‌బీ, 2బీ, 4బీ చాలమ్మా. మామూలు కొట్లో దొరికే కంపెనీ ఏదైనా ఫరవాలేదు. మెత్తటి రబ్బరు, దూది పుల్లలు, ఒక క్లిప్ అట్ట. నున్నటి జెరాక్స్ కాగితం కంటే కొంచెం గరుకున్న డ్రాయింగ్ కాగితం నీడను బాగా పట్టుకుంటుంది.

ఎర్ర టార్చి గెలాక్సీలు, నెబ్యులాలు చూసేవాళ్లకు కావాలి. గ్రహాలు వెలుతురుగా ఉంటాయి. కన్ను పూర్తిగా చీకటికి అలవాటుపడితే రంగులు, సన్న తేడాలు పట్టే శక్తి తగ్గుతుంది. పైగా ఎర్ర వెలుగులో కాగితం మీద రంగు పెన్సిళ్ల తేడా తెలియదు. మెత్తటి తెల్ల లైటు, కాగితం కనిపించేంత, అది చాలు.

ప్రశ్న: బొమ్మలో కుడి, ఎడమ, ఉత్తరం, దక్షిణం ఏవో అర్థం కావడం లేదు. ఒక్కో టెలిస్కోపులో ఒక్కోలా కనిపిస్తోంది.
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కొత్తపేట, గుంటూరు

జవాబు: ఈ చిక్కు అందరికీ వచ్చేదేనండి. అద్దాల రిఫ్లెక్టర్లో బొమ్మ తలకిందులుగా ఉంటుంది. రిఫ్రాక్టర్‌కు వెనక ఏటవాలు అద్దం, అదే డయాగనల్, తగిలిస్తే నిటారుగా ఉంటుంది గానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. మనసులో తిప్పుకుని గీయాలని చూడకండి, తప్పులు అక్కడే మొదలవుతాయి. ఐపీస్‌లో ఎలా ఉందో అలాగే గీసి, దిక్కులు గుర్తు పెట్టండి.

మోటారు లేని టెలిస్కోపు అయితే ఇది సులువు. ట్యూబును వదిలేసి చూస్తూ ఉండండి. గ్రహం మెల్లగా జరుగుతూ ఏ అంచు దాటి బయటికి పోతుందో అది పడమర. ఇప్పుడు ట్యూబును ధ్రువనక్షత్రం వైపు వెంట్రుకవాసి నెట్టండి. గ్రహం ఏ అంచు వైపు జరిగిందో అది దక్షిణం, దానికి ఎదురుది ఉత్తరం. ధ్రువనక్షత్రం మనకు ఉత్తరాన బాగా కిందుగా, 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మేడలు అడ్డం వస్తే ఉత్తరం దిక్కు తెలిస్తే చాలు.

టైము రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రపంచమంతా వాడే యూనివర్సల్ టైము మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. రాత్రి 12 నుంచి తెల్లవారి 5.30 లోపు గీసిన బొమ్మకు ఆ లెక్కలో తేదీ ముందురోజుది అవుతుంది. అందుకే రెండు టైములూ రాయండి. టెలిస్కోపు సైజు, ఎన్ని రెట్లు, గాలి ఎలా ఉంది అన్నవి కూడా. గాలికి ఆంటోనియాడీ పెట్టిన ఐదు మెట్ల కొలత ఉంది. ఒకటి అంటే చెక్కు చెదరనిది, ఐదు అంటే గీయడానికి పనికిరానిది.

ప్రశ్న: గురుడి దగ్గరికే వ్యోమనౌకలు వెళ్తున్న రోజుల్లో మన పెన్సిల్ బొమ్మల వల్ల సైన్సుకు ఏమైనా ఉపయోగం ఉందా?
— ఉపాధ్యాయుడు, సత్తెనపల్లి

జవాబు: మాస్టారూ, మనం గీసే బొమ్మల్లో చాలావరకు మన తృప్తికే. కానీ ఎప్పుడూ ఎవరో ఒకరు చూస్తూ ఉండడం వృథా కాదు. 1933 ఆగస్టు 3న శని మీద పెద్ద తెల్ల మచ్చ పుట్టుకొచ్చింది. దాన్ని కనిపెట్టింది విల్ హే. ఇంగ్లండులో పేరున్న హాస్యనటుడు. లండన్‌లో తన ఇంటి దగ్గర ఆరంగుళాల రిఫ్రాక్టర్‌తో చూశాడు. గురుడి ఎర్ర మచ్చ 1800ల చివర్లో సుమారు 40,000 కిలోమీటర్ల పొడవుండేది, ఇప్పుడు అందులో సగం కూడా లేదు. ఫొటోలు సరిగా రాని ఆ కాలపు సంగతి మనకు తెలిసింది చూసి గీసినవాళ్ల వల్ల, కొలిచినవాళ్ల వల్లే.

మన దగ్గర కూడా ఇలాంటివాళ్లు ఉన్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడినుంచే పరిశీలించారు. తెలుగు పిల్లల్లో ఎంతమందికి ఈ పేర్లు తెలుసు? మీ తరగతిలో చెప్పండి మాస్టారూ, ఇది నా మనవి.

మీ పిల్లలతో చేయించదగిన పని ఒకటి ఉంది. శుక్రుడు చంద్రుడిలాగే కళలు మారుస్తాడు. సాయంత్రం ఆకాశంలో ఉన్నప్పుడు సరిగ్గా సగం బింబం ఏ రోజు కనిపించాలో లెక్క ఉంటుంది. కానీ చూసేవాళ్లకు అది కొన్ని రోజుల ముందే సగమైనట్టు కనిపిస్తుంది. తెల్లవారుజామున కనిపించే రోజుల్లో అయితే కొన్ని రోజులు ఆలస్యంగా. 1793లో జర్మనీకి చెందిన ఖగోళవేత్త ష్రోటర్ దీన్ని గమనించాడు. లెక్క తేదీ పిల్లలకు ముందుగా చెప్పకండి, చెబితే అదే గీస్తారు. పూర్తిగా చీకటి పడకముందే, ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడు చూడమనండి. చీకట్లో శుక్రుడి మిరుమిట్లలో అంచు తెలియదు. వీలైనన్ని సాయంత్రాలు బింబం ఆకారం మాత్రం గీయించి, చివర్లో లెక్కతో పోల్చండి.

ప్రశ్న: టెలిస్కోపుతో పాటు ఐపీస్‌కు బిగించే నల్లటి సన్ ఫిల్టర్ ఇచ్చారు. దానితో సూర్యుడి మచ్చలు గీయొచ్చా?
— దుకాణదారు, పటమట, విజయవాడ

జవాబు: వద్దు. ముమ్మాటికీ వద్దు. టెలిస్కోపు పోగుచేసిన ఎండ వేడంతా ఆ చిన్న గాజు ముక్క మీదే పడుతుంది. అది చిట్లితే రెప్ప వేసేలోపు కన్ను పోతుంది, నొప్పి కూడా తెలియదు. ఎవరికీ ఇవ్వకుండా ఈరోజే విరిచి పారేయండి. సూర్యుడిని గీయాలంటే టెలిస్కోపు ముందు భాగాన్ని పూర్తిగా కప్పేలా తయారుచేసిన సోలార్ ఫిల్టర్ కొనండి. వాడే ముందు ప్రతిసారీ వెలుతురుకు ఎదురుగా పట్టి చిన్న చిల్లు కూడా లేదని చూసుకోండి. గాలికి ఊడిపోకుండా టేపు వేయండి. ఫైండర్‌కు (గురి చూడడానికి పక్కన బిగించే చిన్న టెలిస్కోపుకు) మూత పెట్టడం మరవకండి. డాబా మీద పిల్లలు ఉంటే మీరు టెలిస్కోపు వదిలి కిందికి దిగకండి.